ప్యాకేజీ కడదామా, ఆకలిని బట్టి తిందామా?

(జోనల్ కార్యాలయం ఏర్పాటు చేసిన సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'కుటుంబ బడ్జెట్' గురించి మాట్లాడమన్నారు. ఆ మాట మైకులో చెప్పగానే వెనక వరసలో పిల్లలు కుర్చీల్లోంచి జారిపోవడం చూశాను. అందుకని బడ్జెట్ మొత్తం జోలికి పోను. ఒక్క ప్రశ్న తీసుకుంటాను, అదీ పిల్లలకు ఇష్టమైన చోటి నుంచి.

సెలవులకు థీమ్ పార్కుకు వెళ్దామనుకుంటాం. పార్కు వాళ్ళ రిసార్ట్‌లోనే గది చూసుకుంటాం. అంతా అయి డబ్బు కట్టబోయే ముందు తెర మీద ఒక చిన్న పెట్టె వస్తుంది: 'భోజనం ప్యాకేజీ కూడా కలపమంటారా?' అవునా, కాదా? రోజూ లక్షల రూపాయల లోన్లు చూసే మనం కూడా అక్కడ ఒక నిమిషం ఆగిపోతాం. ఈ ప్రశ్నకు నేను ఒకసారి తప్పు జవాబిచ్చాను, రెండోసారి సరిగ్గా ఇచ్చాను. ముందు తప్పు సంగతి చెబుతాను. దాని బాధ్యత నాదే కాబట్టి ఆ రిసార్ట్ పేరు చెప్పను.

మొదటి లెక్క

2022 దసరా సెలవుల్లో ఎల్‌ఎఫ్‌సీ మీద వేరే రాష్ట్రంలో ఒక థీమ్ పార్క్ రిసార్ట్‌కు వెళ్ళాం. నేను, మా ఆవిడ, అప్పటికి తొమ్మిదేళ్ళ అమ్మాయి, అయిదేళ్ళ అబ్బాయి, మా అమ్మ. రెండు రోజులు. బుకింగ్ ఫారంలో నాలుగు ప్లాన్లు ఉన్నాయి: ఈపీ, సీపీ, ఎంఏపీ, ఏపీ. "ఏపీ అంటే మన రాష్ట్రమే కదా నాన్నా, అదే తీసుకో" అంది మా అమ్మాయి. మీలో కూడా కొందరికి ఈ అక్షరాలు తికమకగా ఉండొచ్చు కాబట్టి చెబుతున్నాను. ఈపీ అంటే యూరోపియన్ ప్లాన్, గది మాత్రమే. సీపీ అంటే కాంటినెంటల్ ప్లాన్, గదీ పొద్దున టిఫినూ. ఎంఏపీ అంటే మోడిఫైడ్ అమెరికన్ ప్లాన్, టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే అమెరికన్ ప్లాన్, మూడు పూటలా తిండి. దేశంలో ఏ హోటల్‌కు వెళ్ళినా ఎక్కువగా కనిపించేవి ఈ నాలుగే.

ఏపీకి పెద్దలకు తలకు రోజుకు ₹2,400, పిల్లలకు ₹1,200 అదనం. నేను ఎంబీఏ చదివినవాణ్ణి కదా, కాగితం తీశాను. అక్కడి బఫే ధరలు విడిగా చూస్తే టిఫిన్ ₹650, మధ్యాహ్న భోజనం ₹950, రాత్రి భోజనం ₹1,050. మొత్తం ₹2,650. ప్యాకేజీలో ₹2,400. పెద్దవాళ్ళకు తలకు ₹250 మిగులు, పిల్లలకు ₹125. ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, రెండు రోజులు. మొత్తం మిగులు ₹2,000. "చూశావా, రెండు వేలు మిగిలాయి" అని మా ఆవిడకు చూపించి ₹19,200 కట్టేశాను. ఆవిడ కాగితం చూసి, "అత్తయ్యగారు మూడు పూటలా ఎప్పుడు తిన్నారండీ?" అని అడిగింది. నేను విన్నాను, పట్టించుకోలేదు. తనిఖీలో ఆడిటర్ అడిగిన మొదటి ప్రశ్నను కొట్టిపారేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు.

మొదటిరోజు పొద్దున టిఫిన్ బాగానే తిన్నాం. కట్టిన డబ్బు కదా అని కొంచెం ఎక్కువే తిన్నాం. పదకొండు గంటలకు పిల్లలు అలల కొలను దగ్గర వరసలో నిలబడ్డారు. మధ్యాహ్నం భోజనం రిసార్ట్‌లోనే పెడతారు, పన్నెండున్నర నుంచి మూడు లోపు. పార్కు నుంచి రిసార్ట్‌కు వాళ్ళ బస్సులో రావాలి. ఎవరికీ ఆకలి లేదు. అయినా 'భోజనం పోతుంది' అని వరసలోంచి పిల్లల్ని లాక్కొచ్చాను. బస్సు కోసం ఎదురుచూపు, బఫే దగ్గర వరస, మళ్ళీ బస్సు. తిరిగి వెళ్ళేసరికి మూడు దాటింది, అలల కొలను దగ్గర వరస రెట్టింపయింది. ఆ రోజు పిల్లలు దానిలో దిగనే లేదు. మా అబ్బాయి ఏడుస్తుంటే నేను వాడికి బఫేలో తిన్న గులాబ్ జామూన్లు గుర్తుచేశాను. ఆ వయసులో వాడు వాటికి ఓదారలేదు.

ఆ రోజు శనివారం. మా అమ్మ శనివారం ఒంటిపూట ఉంటుంది. రాత్రికి ఒక అరటిపండు, గ్లాసుడు పాలు. నలభై ఏళ్ళుగా నేను చూస్తున్న సంగతే. ఆ రాత్రి మాతో పాటు బఫే దగ్గరికి వచ్చి ప్లేటు పట్టుకుంది. పూరీ, పన్నీరు కూర, పులావు వడ్డించుకుంది. నేను చూశాను. 'పోనీలే, ఊరు కాని ఊర్లో పట్టింపులు వదిలేసింది' అనుకున్నాను. ఆ రాత్రి రెండు గంటలకు అమ్మకు కడుపునొప్పి, వాంతులు. మా ఆవిడ తెల్లవార్లూ పక్కనే కూర్చుంది. పొద్దున్నే నేను కొంచెం కసిరినట్టుగా, "శనివారం రాత్రి అవన్నీ ఎందుకు తిన్నావమ్మా?" అని అడిగాను.

"నువ్వు కట్టిన డబ్బు వృథా అవుతుందేమోనని తిన్నానురా" అంది.

రెండోరోజు అమ్మ గది దాటి రాలేదు. ఆ రోజు ఆవిడ పేరు మీద కట్టిన ₹2,400 మజ్జిగ తాగడానికి కూడా ఉపయోగపడలేదు. గదికి తెప్పించిన మజ్జిగకు వేరే బిల్లు వేశారు, ప్యాకేజీ బఫేకే కాబట్టి.

ఇంటికొచ్చాక నిజం లెక్క వేశాను. ప్యాకేజీ లేకపోతే మేం ఏం తినేవాళ్ళం? పొద్దున బఫేలో ముగ్గురికి టిఫిన్, అమ్మకు కాఫీ, రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం పార్కులోనే దొరికిందేదో. రాత్రి రెస్టారెంట్‌లో రోటీలు, ఒక కూర, పిల్లలకు దోసె. ఎంత ధారాళంగా వేసినా రెండు రోజులకు ₹11,200 దాటలేదు. అంటే నేను ₹2,000 మిగిల్చాననుకున్నచోట ₹8,000 పోగొట్టాను. కూడికలు తీసివేతలు సరిగ్గానే చేశాను. పోల్చాల్సిన అంకె తప్పు పెట్టుకున్నాను. ప్యాకేజీ ధరను వాళ్ళ మెనూ ధరతో పోల్చాను. పోల్చాల్సింది మా ఇంట్లో వాళ్ళ ఆకలితో.

కట్టేసిన డబ్బు మాట వినడం

మేనేజ్‌మెంట్ పాఠాల్లో దీనికి 'సంక్ కాస్ట్' అని పేరు. తిరిగిరాని ఖర్చు. ఇప్పుడు మనం తిన్నా తినకపోయినా ఆ డబ్బు పోయినట్టే, కాబట్టి ఇకపై తీసుకునే నిర్ణయాల్లో దానికి ఓటు ఉండకూడదు. పరీక్షలో ఈ జవాబు రాసి నేను మార్కులు తెచ్చుకున్నాను. బఫే దగ్గర మాత్రం గుర్తు రాలేదు.

నేనొక్కణ్ణే కాదు లెండి. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ నాటకశాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇప్పించారు. ఎవరికి ఏది దక్కుతుందో లాటరీ లాంటిదే. చూడబోతే సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్ళే ఎక్కువ నాటకాలకు హాజరయ్యారు. నాటకాలు అవే, కుర్చీలు అవే. ఎక్కువ కట్టామన్న బాధ వాళ్ళను లేపి తీసుకొచ్చింది. మనుషులు డబ్బు విషయంలో ఇలాంటి పొరపాట్లు ఎలా చేస్తారో ఏళ్ళ తరబడి పరిశీలించిన రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మన వైపు ఇది ఇంకొంచెం బలంగా ఉంటుంది. అన్నం పారేయకూడదని పెరిగినవాళ్ళం. పెద్దవాళ్ళయితే కొడుకు సంపాదన వృథా కాకూడదని మరీ చూస్తారు. అది మంచి గుణమే. కానీ ముందుగా డబ్బు కట్టి వాళ్ళను ఆ ఇరకాటంలో పెట్టేది మనం.

రెండో లెక్క

ఇక రెండోసారి సంగతి. మన బ్యాంకు కుటుంబాల్లో చాలామంది పిల్లలో తోబుట్టువులో అమెరికాలో ఉన్నారు. ఏటా వేసవిలో విదేశీ ప్రయాణానికి ఎన్‌ఓసీ కోసం ఎన్ని దరఖాస్తులు వస్తాయో హెచ్‌ఆర్ వాళ్ళను అడగండి. మా చెల్లెలు ఫ్లోరిడా రాష్ట్రంలో టాంపాలో ఉంటుంది. 2024 వేసవిలో మేం అయిదుగురం వెళ్ళాం. ఎల్‌ఎఫ్‌సీ అనుకునేరు, కాదు, సొంత డబ్బే. ఎల్‌ఎఫ్‌సీ మీద పన్ను మినహాయింపు దేశం లోపలి ప్రయాణ ఛార్జీలకే. మధ్యలో విదేశం కలిపితే మినహాయింపు రాదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులోనే తేల్చింది. దేశంలో తిరిగినా తిండికీ గదికీ ఆ మినహాయింపు వర్తించదని కూడా గుర్తుంచుకోండి. అంటే భోజనం ప్యాకేజీ ఎక్కడ తీసుకున్నా మన జేబులోంచే.

టాంపా నుంచి గంటన్నర దూరంలో ఒర్లాండో, దాని పక్కనే వాల్ట్ డిస్నీ వరల్డ్. 1971 నుంచి నడుస్తోంది. నాలుగు పెద్ద థీమ్ పార్కులు, వాళ్ళవే బోలెడు రిసార్టులు. నాలుగు రాత్రులకు గది మా చెల్లెలే తీసింది. ఫోన్ చేసి, "అన్నయ్యా, గది సంగతి నాది. డైనింగ్ ప్లాన్ తీసుకోవాలా వద్దా నువ్వు చెప్పు, బ్యాంకు ఆఫీసరువి కదా" అంది. పక్కనే ఉన్న అమ్మ ఆ మాట విని, "అక్కడ కూడా ముందే కట్టేస్తావా?" అని అడిగింది. ఆవిడ మామూలుగానే అడిగింది. నాకు మాత్రం ఆ శనివారం రాత్రి గుర్తొచ్చింది. ఈసారి కాగితం తీసి మా ఆవిడ పక్కన కూర్చున్నాను.

ముందు ఆ ప్లాన్ ఏమిటో చెబుతాను. 2005లో మొదలుపెట్టారు, 2020లో కోవిడ్‌తో ఆపేశారు, 2024 జనవరి 9 నుంచి మళ్ళీ ఇస్తున్నారు. రెండు రకాలు. మొదటిది క్విక్ సర్వీస్ ప్లాన్: కౌంటర్ దగ్గర తెచ్చుకుని తినే భోజనాలు రాత్రికి రెండు చొప్పున, ఒక చిరుతిండి. రెండోది కూర్చోబెట్టి వడ్డించే భోజనం ఒకటి, కౌంటర్ భోజనం ఒకటి, ఒక చిరుతిండి. రెండింటిలోనూ మనిషికి ఒక మగ్గు ఇస్తారు, ఉన్నన్నాళ్ళూ రిసార్ట్‌లో కూల్‌డ్రింకులు, కాఫీ నింపుకోవచ్చు. పార్కుల్లో అది పనిచేయదు.

2024లో మొదటి ప్లాన్ ధర పెద్దలకు రాత్రికి 57.01 డాలర్లు, 3 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు 23.83 డాలర్లు. రెండోది పెద్దలకు 94.28, పిల్లలకు 29.69. పదేళ్ళు నిండితే పెద్దవాళ్ళ లెక్కే. మా అమ్మాయికి అప్పటికి పదకొండు. ఇంట్లో ఏ విషయంలోనూ ఒప్పుకోని పెద్దరికం అక్కడ ఒక్కసారిగా వచ్చేసింది.

అంటే నలుగురు పెద్దలు, ఒక పిల్లవాడు. క్విక్ సర్వీస్ ప్లాన్ రాత్రికి 251.87 డాలర్లు, నాలుగు రాత్రులకు 1,007. అప్పటి ₹83 రేటున సుమారు ₹83,600. రెండో ప్లాన్ అయితే 1,627 డాలర్లు, ₹1,35,000. దాని మీద వడ్డించినవాళ్ళకు టిప్పు 18 నుంచి 20 శాతం వేరే. అక్కడ టిప్పు ఇవ్వకుండా లేచి రావడం మర్యాద కాదు.

ఈసారి రెండు లెక్కలు వేశాం. మొదటిది, అన్నీ తినే మనిషికి ఎంత గిట్టుతుందని. కౌంటర్ భోజనంలో ఒక వంటకం సగటున 14 డాలర్లు, పానీయం 5. రెండు పూటలకు 38. చిరుతిండి 7. అమ్మకం పన్ను ఆరున్నర శాతం కలిపితే 48. మగ్గు విడిగా కొంటే ఇరవై డాలర్ల పైచిలుకు, నాలుగు రాత్రులకు పంచితే అయిదారు. మొత్తం 54. ప్లాన్ ధర 57. అంటే రెండు పూటలా తిని, కూల్‌డ్రింకు తాగి, చిరుతిండి తిని, మగ్గు నింపుకున్నా కూడా సగటు మనిషికి మూడు డాలర్లు నష్టమే. మరి ఎవరికి గిట్టుతుంది? ప్రతి భోజనంతో ఇచ్చే పానీయం ఇరవై ఒక్క ఏళ్ళు దాటినవాళ్ళకు బీరో వైనో కావచ్చు. వాటి ధర కూల్‌డ్రింకుకు రెండు మూడు రెట్లు. అవి తీసుకునేవాళ్ళకు, ఖరీదైన వంటకాలే ఎంచుకునేవాళ్ళకు గిట్టుతుంది. మా ఇంట్లో మద్యం తాగేవాళ్ళు లేరు. కూల్‌డ్రింకు కూడా అవసరం లేదు, ఎందుకంటే ఆ కౌంటర్లలో అడిగితే చల్లటి మంచినీళ్ళు ఉచితంగా ఇస్తారు.

ఇక్కడ ఒక సరదా సంగతి. మా అబ్బాయికి మాత్రం ప్లాన్ లాభమే. పిల్లల భోజనం పానీయంతో కలిపి 8 డాలర్లు, రెండు పూటలకు 16. చిరుతిండి, పన్ను, మగ్గు కలిపితే 30 దాకా వస్తుంది. ప్లాన్‌లో 23.83. 'అయితే వాడొక్కడికే తీసుకుందాం' అన్నాను. కుదరదు. ఒక బుకింగ్‌లో మూడేళ్ళు దాటిన ప్రతి మనిషికీ, ఉన్నన్ని రాత్రులకూ తీసుకోవాల్సిందే. కుర్రాడి దగ్గర ఆరు డాలర్లు వదిలి, మా అమ్మ దగ్గర నలభై రాబట్టుకునే ఏర్పాటు. వ్యాపారంగా చూస్తే చక్కటి ఏర్పాటే, నేను తప్పుపట్టను. మన లాకర్ ఇచ్చేటప్పుడు బీమా కూడా తీసుకోమని అడగడంలా కాకుండా, ఇది రాసి మరీ ముందే చెప్పిన షరతు.

'మీ అమ్మగారు తినని భోజనాలు మిగతావాళ్ళు వాడుకోవచ్చు కదా' అని మీరు అడగవచ్చు. వాడుకోవచ్చు. కానీ మొత్తం ఎన్నో చూడండి. నాలుగు రోజుల్లో అయిదుగురికి 40 భోజనాలు, 20 చిరుతిళ్ళు. గది ఖాళీ చేసే రోజు అర్ధరాత్రి పన్నెండుకు మిగిలినవన్నీ లాప్స్. ఆఖరి రోజు మార్చి 31 నాటి టార్గెట్‌లా ఉంటుంది, కడుపులతో పూర్తి చేయాలి. పైగా డబ్బు ముందే వాళ్ళ ఖాతాలో పడుతుంది. మన భాషలో చెప్పాలంటే వడ్డీ లేని డిపాజిట్, అందులో కొంత క్లెయిమ్ చేయకుండానే మిగిలిపోయేది.

రెండో లెక్క, మా ఇంటి లెక్క. ఇది మా ఆవిడ చెబుతుంటే నేను రాశాను. పొద్దున పాలు, బ్రెడ్డు, పండ్లు గదిలోనే. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి. కిరాణాకు రోజుకు 15 డాలర్లు. నాకు రెండు భోజనాలు, 28. ఆవిడకు ఒక భోజనం, ఒక చిరుతిండి, 21. అమ్మాయికీ అంతే. అబ్బాయికి రెండు పిల్లల భోజనాలు, ఒక ఐస్‌క్రీం, 23. అమ్మకు ఒకటి, 12. మొత్తం 105, పన్నుతో 112, కిరాణాతో 127. నాలుగు రోజులకు 508 డాలర్లు. ప్లాన్ 1,007. దాదాపు సగం.

'వద్దు' అని చెల్లెలికి చెప్పాను. తీరా ఖర్చయింది 641 డాలర్లు. అంచనా కన్నా 133 ఎక్కువ. ఎందుకో కూడా చెప్పాలి, లేకపోతే లెక్క టాలీ కాదు. ఎండకు ఐస్‌క్రీంలు అనుకున్నదానికన్నా ఎక్కువయ్యాయి. ఇంకా, ఒకరోజు చెల్లెలి కుటుంబంతో కలిసి సనా అనే రెస్టారెంట్‌కు వెళ్ళాం. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే రిసార్ట్‌లో ఉంటుంది. ఆఫ్రికా వంటలకు భారతీయ రుచులు కలిపి చేస్తారు. రకరకాల రొట్టెలు, వాటితో నంజుకోవడానికి పచ్చళ్ళు ఒకే పళ్ళెంలో పెడతారు. కిటికీ అవతల పచ్చిక మైదానంలో జిరాఫీలు తిరుగుతుంటాయి. అమ్మ నాన్ ముక్క పచ్చడిలో అద్దుకుంటూ జిరాఫీ ఆకులు తినడం చూసింది. టిప్పుతో సహా మా వాటా బిల్లు చూసి నేను బాధపడలేదు. అది మేం ఆ రోజు తినాలనుకుని తిన్న భోజనం.

అన్నీ కలిపినా ప్లాన్ కన్నా 366 డాలర్లు, సుమారు ₹30,400 తక్కువ. మిగిలిన ఇంకొకటి ఏ బిల్లులోనూ రాదు. ఆ నాలుగు రోజులూ తిండి కోసం పిల్లలను ఏ వరసలోంచీ లాక్కురాలేదు.

ఎవరికి లాభం, ఎవరికి కాదు

ప్యాకేజీలన్నీ మోసమని నేను చెప్పడం లేదు. కొందరికి నిజంగా లాభం. పదిహేను పదహారేళ్ళ మగపిల్లలు ఇద్దరున్న ఇంటికి బఫే ఎప్పుడూ గిట్టుబాటే. డిస్నీలో మిక్కీ మౌస్ లాంటి పాత్రలు బల్ల దగ్గరికి వచ్చి పలకరించే భోజనాలు ఉంటాయి, వాటి ధర ఎక్కువే. పిల్లల కోసం రోజూ అలాంటి ఒకటి తినాలనుకునేవాళ్ళకు రెండో ప్లాన్ కలిసొస్తుంది. చుట్టుపక్కల పది కిలోమీటర్లలో ఇంకే హోటలూ లేని చోట మూడు పూటల ప్లాన్ తీసుకోవడమే తెలివి. రోజూ ఖర్చు చూసి గుండె దడ పుట్టేవాళ్ళకు, ముందే కట్టేసి హాయిగా ఉండటం కూడా ఒక లాభమే. దానికి కొంత ధర చెల్లిస్తున్నామని తెలిసి చెల్లిస్తే చాలు.

అందుకని బుకింగ్ పెట్టె ముందు ఆగినప్పుడు అయిదు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి. మన ఇంట్లో అందరికన్నా తక్కువ తినేది ఎవరు? లెక్క ఆ మనిషి దగ్గర మొదలుపెట్టండి. ప్యాకేజీ ధర తలలను బట్టి ఉంటుంది, ఆకలిని బట్టి కాదు. ఉపవాసాలు, పథ్యాలు, షుగర్ మాత్రల వేళలు అన్నీ అందులో రాయండి.

రెండు. పిల్లల వయసు ఎన్నేళ్ళ దగ్గర పెద్దవాళ్ళ రేటుకు మారుతుంది? ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అడిగి తెలుసుకోండి.

మూడు. భోజనం ఎక్కడ, ఏ వేళల్లో పెడతారు? పార్కులోనా, రిసార్ట్‌లోనా? రానుపోను గంటన్నర పడితే, పార్కు టికెట్ డబ్బులో ఆ గంటన్నర విలువను కూడా భోజనం ఖర్చులో కలపండి.

నాలుగు. చెప్పిన ధరలో పన్ను ఉందా? మన దేశంలో రోజుకు ₹7,500 పైన అద్దె ఉండే స్థాయి హోటళ్ళలో రెస్టారెంట్ బిల్లు మీద జీఎస్టీ 18 శాతం, బయటి మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం. సర్వీస్ ఛార్జి సంగతి వేరు. దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. కలిపితే తీసేయమని మర్యాదగా అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

అయిదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ప్యాకేజీ లేకపోతే మనం ఏం తింటాం? వాళ్ళ మెనూ పక్కన పెట్టి, రోజువారీగా, మనిషి మనిషికీ రాయండి. ఆ కాగితం ఇంట్లో వంట చూసే మనిషి పక్కన కూర్చుని రాయండి. ఎవరెంత తింటారో బ్యాంకులో మనకు తెలియదు, వాళ్ళకు తెలుసు. మొదటిసారి మా ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి ఉంటే నాకు ఎనిమిది వేలూ మిగిలేవి, మా అమ్మకు ఆ రాత్రీ తప్పేది.

ఈ అయిదూ అడిగాక కూడా ప్యాకేజీయే మేలనిపిస్తే నిశ్చింతగా కట్టండి. కానీ కట్టాక ఒక మాట ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి, ముఖ్యంగా పెద్దవాళ్ళకు: 'డబ్బు కట్టింది ఆకలైతే తినడానికి. ఆకలి లేకపోతే వదిలేయండి, నాకేం బాధ లేదు.' మనం నోరు తెరిచి చెబితే తప్ప వాళ్ళు వదలరు.

ఒర్లాండోలో మేం ఉన్న నాలుగు రాత్రుల్లో ఒకటి శనివారం. కోట ముందు బాణసంచా కాలుస్తారని తొందరగా వెళ్ళి చోటు చూసుకున్నాం. బయటి తిండి ఆ పార్కుల్లోకి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలూ మద్యమూ తప్ప. అమ్మ సంచీలోంచి అరటిపండు తీసి ఒలుచుకుని తిన్నది. ఒక సీసాలో పాలు కూడా తెచ్చుకుంది. "ఇంకేమైనా కావాలా అమ్మా?" అని అడిగాను. "ఏం వద్దురా, కడుపు నిండింది" అంది. ఆ రాత్రి ఆవిడ భోజనం ఖర్చు మా కిరాణా లెక్కలో పాతిక సెంట్లో ఎంతో.

అన్నట్టు, ఇప్పుడు పక్క హాల్లో మనకు భోజనాలు పెడుతున్నారు. అది బ్యాంకు ఖర్చు. అయినా ఆకలిని బట్టే వడ్డించుకోండి.